బ్రిటన్ వెళ్లే పిల్లలకు ఏ రాయితీ కార్డు పనికొస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు వచ్చిందంటే బ్రిటన్‌లో మాస్టర్స్‌కు బయల్దేరే పిల్లల ఇళ్లలో ఒకవైపు పచ్చళ్ల ప్యాకింగ్, మరోవైపు వాట్సాప్ గ్రూపుల్లో ప్రశ్నలు. వాటిలో తప్పకుండా కనిపించేది ఒకటుంది: "స్టూడెంట్ డిస్కౌంట్ కార్డు ఏది తీసుకోవాలండీ, ఇక్కడే కొనుక్కుని వెళ్లాలా?" జవాబుగా ఎవరో ఒక యాప్ పేరు పెడతారు, ఇంకెవరో లింకు పంపుతారు, మాట అక్కడితో తెగిపోతుంది. అసలు డబ్బు మిగిల్చే కాగితాల మాట ఎవరూ ఎత్తరు. అందుకే ఈ ఉత్తరం.

అన్నిటికీ పనికొచ్చే ఒక్క కార్డు అక్కడ లేదు. విద్యార్థికి వచ్చే రాయితీలు అయిదారు చోట్ల విడివిడిగా ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో దరఖాస్తు. బట్టల దుకాణంలో 10 శాతం తగ్గించే కార్డు గురించి అందరికీ తెలుసు. ఏడాదికి వందల పౌండ్లు మిగిల్చేది మాత్రం యూనివర్సిటీ ఇచ్చే ఒక మామూలు ధ్రువపత్రం. అది చాలామంది ఈమెయిల్‌లో తెరవకుండానే పడి ఉంటుంది. పౌండు వంద రూపాయలు దాటి చాలాకాలమైంది కాబట్టి ఈ తేడా ఎంతో ఊరికే ఊహించుకోవచ్చు.

ముందుగా ఆ ధ్రువపత్రం సంగతి.

మన దగ్గర ఇంటిపన్ను యజమాని కడతాడు. అద్దెకున్నవారికి ఆ ఊసే ఉండదు. బ్రిటన్‌లో కౌన్సిల్ ట్యాక్స్ అనేది సాధారణంగా ఇంట్లో ఉండేవారి మీద పడుతుంది, అంటే అద్దెకున్నవారి మీదే. మన పిల్లలు పొరపడేది సరిగ్గా ఇక్కడే. స్థానిక కౌన్సిల్ నుంచి కవరు వస్తే "ఇది ఓనరుది" అనుకుని ఫ్రిజ్ మీద పెట్టేస్తారు. ఇంగ్లండ్‌లో 2025-26కి సగటు బ్యాండ్ డి (ఇంటి విలువను బట్టి వేసే తరగతుల్లో ఒకటి) పన్ను 2,280 పౌండ్లు. విద్యార్థులు ఎక్కువగా ఉండే చిన్న ఇళ్లు ఏ, బి బ్యాండ్లలో ఉంటాయి. బ్యాండ్ ఏ అంటే డి పన్నులో మూడింట రెండు వంతులు, సగటు లెక్కన 1,520 పౌండ్లు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్లందరూ పూర్తికాల విద్యార్థులైతే ఈ మొత్తం మాఫీ. కానీ చాలాచోట్ల అది దానంతట అదే మాఫీ కాదు, అడగాలి. అడగకపోతే బిల్లు, ఆ తర్వాత రిమైండరు, ఆపైన మేజిస్ట్రేట్ కోర్టు నుంచి లయబిలిటీ ఆర్డరు, అంటే కట్టి తీరాలనే ఉత్తర్వు. కోర్టు ఖర్చులూ ఆ బిల్లు మీదే పడతాయి.

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఎన్‌రోల్‌మెంట్ పూర్తయిన రోజే యూనివర్సిటీ స్టూడెంట్ పోర్టల్‌లో "కౌన్సిల్ ట్యాక్స్ ఎగ్జెంప్షన్" లేదా "స్టూడెంట్ స్టేటస్" అనే పేరుతో ఉన్న ధ్రువపత్రాన్ని దించుకోవాలి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో విద్యార్థి మినహాయింపు ఫారం తెరిచి, ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరి పేరు, కోర్సు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ రాసి, అందరి ధ్రువపత్రాలూ జత చేయాలి. నలుగురు ఉండే ఇంట్లో ముగ్గురు పంపి ఒకరు బద్ధకించినా దరఖాస్తు ఆగిపోతుంది. యూనివర్సిటీ హాస్టల్‌లో ఉంటే ఈ తిప్పలు లేవు.

తేదీల దగ్గర మూడు చిక్కులున్నాయి. మొదటిది, అద్దె ఒప్పందం ఆగస్టు చివర్లో మొదలై కోర్సు సెప్టెంబరు మూడో వారంలో మొదలైతే, మధ్య రోజులకు మీరు చట్టం దృష్టిలో ఇంకా విద్యార్థి కాదు. ఆ కొద్ది రోజుల పన్ను అడగొచ్చు. అద్దె ఇల్లు మాట్లాడేటప్పుడే ఇది చూసుకోవాలి. రెండోది, మినహాయింపు ధ్రువపత్రంలో ఉన్న కోర్సు ముగింపు తేదీతో ఆగిపోతుంది. పట్టా చేతికొచ్చే స్నాతకోత్సవం దాకా నడవదు. డిసర్టేషన్ ఇచ్చి, గ్రాడ్యుయేట్ వీసాకు (చదువయ్యాక అక్కడే పని చేసుకోవడానికిచ్చే వీసా) దరఖాస్తు చేసుకుని, పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ అదే ఇంట్లో ఉంటే మర్నాటి నుంచే లెక్క మొదలవుతుంది. మూడోది ఇంకాస్త మెలికగా ఉంటుంది. నలుగురిలో ఒకరి కోర్సు ముందు అయిపోయి, మిగిలిన ముగ్గురూ ఇంకా విద్యార్థులుగా ఉంటే, ఆ ఒక్కరి పేరు మీద బిల్లు వస్తుంది. విద్యార్థులను లెక్కలోకి తీసుకోరు కాబట్టి ఒంటరి వ్యక్తికిచ్చే 25 శాతం తగ్గింపు వర్తిస్తుంది, కానీ దానికీ దరఖాస్తు చేయాలి. పైన చెప్పిన సగటు బ్యాండ్ ఏ ఇంటికి అది నెలకు 95 పౌండ్లు. కోర్సు అయిపోయినవారు ఇద్దరైతే ఆ తగ్గింపు కూడా పోయి, మొత్తం బిల్లు ఆ ఇద్దరి మీద పడుతుంది. ఈ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోని స్నేహితుల మధ్య ఎన్ని తగవులో. నాలుగు గిన్నెలు కడగడం దగ్గర వచ్చేవాటికన్నా ఇవే పెద్దవి.

భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లినవారికి ఒక మాట. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ వారికి ఆ వీలు పోయింది, పరిశోధన కోర్సులవారికి మిగిలింది. బ్రిటిష్ పౌరసత్వం లేని జీవిత భాగస్వామికి వీసా షరతుల ప్రకారం ప్రభుత్వ భృతులు తీసుకునే హక్కు లేకపోతే, వారినీ విద్యార్థితో పాటే లెక్కలోంచి తప్పిస్తారు. భాగస్వామి ఉద్యోగం చేస్తున్నారు కదా అని పన్ను కట్టేసేవారున్నారు. అలా కట్టే ముందు వీసా పత్రంలో ప్రభుత్వ నిధుల మాట ఏముందో చదివి కౌన్సిల్‌కు రాయాలి. మొదటి జవాబు "కుదరదు" అని వస్తే నియమాన్ని ఎత్తి చూపి మళ్లీ రాయాలి, విద్యార్థి సంఘం సలహా కేంద్రం ఉచితంగా సాయం చేస్తుంది.

ఇప్పుడు అసలైన కార్డులు.

డబ్బు పెట్టి కొనదగ్గది ఒక్కటే అనుకుంటే అది 16-25 రైల్‌కార్డు. 2025 మార్చి నుంచి ఏడాదికి 35 పౌండ్లు. రైలు టికెట్ మీద మూడో వంతు తగ్గుతుంది. అంటే ఏడాదిలో 105 పౌండ్ల టికెట్లు కొనే పని ఉంటే కార్డు డబ్బు వచ్చేసినట్టే, ఆపైన అంతా లాభం. లండన్, మాంచెస్టర్, ఎడిన్‌బరో అని ఒక్క సెలవుల్లో నాలుగు చోట్లకు తిరిగినా ఆ లెక్క దాటిపోతుంది. ఊరు కదలకుండా గదీ, క్లాసూ, పనిచేసే సూపర్‌మార్కెట్టూ తప్ప ఇంకెక్కడికీ వెళ్లనివారికి ఇది దండగ. నెల రోజులు చూసి కొనుక్కున్నా మునిగిపోయేదేమీ లేదు.

పేరులో 25 ఉంది కదా అని మన దగ్గర రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి 27వ ఏట వెళ్లేవారు దాని జోలికే పోరు. 26 దాటినా పూర్తికాల విద్యార్థి అయితే ఇదే కార్డు తీసుకోవచ్చు, పై వయసు పరిమితి లేదు. కాకపోతే పుట్టినతేదీ ఒక్కటే చాలదు, విద్యార్థి అని యూనివర్సిటీ ధ్రువీకరించాలి. 26 నుంచి 30 ఏళ్లవారికి వేరే రైల్‌కార్డు ఉంది, ధర అంతే, విద్యార్థి రుజువు అక్కర్లేదు. తొందరగా కావాలంటే అది. కొంచెం ఓపిక ఉంటే విద్యార్థి దారిలో 16-25 కార్డే మేలు, కారణం కింద చెప్పే ఉదయపు నియమం. ఇంకొకటి: 26వ పుట్టినరోజుకు ముందురోజు కొన్నా ఏడాది కార్డు పూర్తి ఏడాదీ నడుస్తుంది.

ఉదయపు నియమం ఏమిటంటే, సోమవారం నుంచి శుక్రవారం దాకా తెల్లవారుజామున 4:30 నుంచి 10 గంటల లోపు చేసే ప్రయాణాలకు ఒక కనీస ఛార్జీ ఉంది. రాయితీ తీసేశాక టికెట్ ధర ఆ కనీసం కన్నా కిందికి దిగదు. అందుకే పొద్దున తొమ్మిదింటి క్లాసుకు పక్క ఊరి నుంచి వచ్చేవారు "కార్డు కొన్నా ఒక్క పెన్నీ తగ్గలేదేమిటి" అని తలపట్టుకుంటారు. చిన్న దూరాలకు, పొద్దుటి పూట ఈ కార్డు దాదాపు పనిచేయదు. 16-25 కార్డుకు జూలై, ఆగస్టు నెలల్లో ఈ నియమం ఉండదు, 26-30 కార్డుకు ఏడాదంతా ఉంటుంది. రోజూ రైల్లో వచ్చిపోయేవారు రైల్‌కార్డు కన్నా ముందు సీజన్ టికెట్ లెక్క చూసుకోవాలి.

కార్డు చాలామందికి ఫోన్‌లోనే ఉంటుంది. ఛార్జింగ్ అయిపోయి చూపించలేకపోతే కార్డు లేనట్టే లెక్క. రాయితీ టికెట్ పట్టుకుని కార్డు చూపలేనివారికి పూర్తి టికెట్ ధర పడొచ్చు, జరిమానా వేయొచ్చు. ఇంగ్లండ్‌లో 2023 జనవరి నుంచి పెనాల్టీ ఛార్జీ 100 పౌండ్లూ, దాని మీద ఆ ప్రయాణపు ఛార్జీ. 21 రోజుల్లో కడితే 50కి తగ్గుతుంది. దీనికన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది: ఒకరి కార్డు ఇంకొకరు వాడటం. "మన రూమ్మేట్‌దే కదా" అనుకోవద్దు. రైలు కంపెనీలు దాన్ని మోసంగా చూస్తాయి, కోర్టుకు లాగుతాయి. శిక్ష పడితే రేపు వీసా ఫారంలో ఆ సంగతి రాయాల్సి వస్తుంది. ఇరవై పౌండ్ల కోసం వీసాను పణంగా పెట్టే బేరం అది.

లండన్‌లో చదివేవారికి లెక్క వేరు. అక్కడ 18+ స్టూడెంట్ ఓయిస్టర్ ఫోటోకార్డు అని ఒకటుంది (ఓయిస్టర్ అంటే లండన్ బస్సులు, రైళ్లలో తాకించి వాడే ప్రయాణ కార్డు). పేరు వినగానే ట్యూబ్ (లండన్ మెట్రో రైలు) ఎక్కిన ప్రతిసారీ 30 శాతం తగ్గుతుందనుకుంటారు. తగ్గదు. వారం, నెల, ఏడాది ట్రావెల్‌కార్డులు, బస్ అండ్ ట్రామ్ పాసుల మీదే ఆ 30 శాతం. ఒక్కో ప్రయాణానికి డబ్బు కోసుకునే పద్ధతిలో, అంటే పే యాజ్ యూ గో పద్ధతిలో, ఈ కార్డు మామూలు పెద్దల ఛార్జీనే కోస్తుంది. దరఖాస్తు రుసుము తిరిగి రాదు కాబట్టి ముందే లెక్క వేసుకోవాలి. 2025 నాటి ధరల్లో బస్సు ఒక్కసారికి 1.75 పౌండ్లు, వారం బస్సు పాసు 24.70. పాసు మీద 30 శాతం తగ్గితే 17.29. దాన్ని 1.75తో భాగిస్తే దాదాపు 10. అంటే వారానికి కనీసం పది బస్సు ప్రయాణాలు ఉంటేనే పాసు లాభం. వారానికి మూడు రోజులు క్లాసుకెళ్లి వచ్చేవారికి ఆరు ప్రయాణాలు, 10.50 పౌండ్లు. వీరికి పాసు నష్టమే. పైగా గంట లోపు ఎన్ని బస్సులు మారినా ఒకే ఛార్జీ కాబట్టి రెండు బస్సులు మారి క్లాసుకెళ్లేవారూ అది ఒక్క ప్రయాణంగానే లెక్కపెట్టుకోవాలి. క్లాసులూ పనీ కలిపి వారమంతా తిరిగేవారికి మాత్రం ఈ కార్డు తప్పకుండా ఉండాలి.

ఈ కార్డు దరఖాస్తు మన పిల్లలకు ఎక్కువగా తిరస్కారమయ్యేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, మిగతాది ఇంకో గడిలో. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ. ఇంకొందరికి మూడు పేర్లూ ఒకే గడిలో. దరఖాస్తులో రాసిన పేరు, పుట్టినతేదీ, విద్యార్థి నంబరు, కోర్సు తేదీలు యూనివర్సిటీ రికార్డుతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. సరిచూసేది యూనివర్సిటీయే. అందుకని పాస్‌పోర్టు చూసి కాకుండా, స్టూడెంట్ పోర్టల్‌లో పేరు ఎలా ఉందో అది చూసి అలాగే రాయాలి. చిరునామా లండన్ బరోల్లో, అంటే నగర పాలనా విభాగాల్లో, ఉండాలి. ఊరి అవతల అద్దె చవకని వెళ్లినవారు దీనికి అర్హులు కారు.

లండన్‌వాసులకు మరో కిటుకు. ఇది తెలియక నెలనెలా డబ్బు వదిలించుకునేవారు కోకొల్లలు. రైల్‌కార్డును ఓయిస్టర్ కార్డుకు జత చేయవచ్చు. ట్యూబ్ స్టేషన్‌లో టికెట్ మెషీన్ల దగ్గర నీలం యూనిఫాంలో తిరిగే సిబ్బందిని పిలిచి, ఓయిస్టర్ ఇచ్చి, ఫోన్‌లో రైల్‌కార్డు చూపిస్తే, వారు తమ పాస్ మెషీన్‌కు తాకించి తెర మీద రెండు మూడు నొక్కులు నొక్కుతారు. రెండు నిమిషాల పని. ఆ క్షణం నుంచి రద్దీ లేని వేళల్లో ట్యూబ్, రైలు ఛార్జీల్లో మూడో వంతు తగ్గుతుంది. రద్దీ వేళలంటే పనిరోజుల్లో ఉదయం 6:30 నుంచి 9:30, సాయంత్రం 4 నుంచి 7. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సినవి మూడు. బ్యాంకు కార్డో ఫోనో తాకిస్తే ఈ తగ్గింపు రాదు, ఓయిస్టర్‌తోనే రావాలి. బస్సులకు వర్తించదు. రైల్‌కార్డు గడువు తీరిన రోజే జత కూడా తెగిపోతుంది, కొత్త కార్డు కొన్నాక మళ్లీ స్టేషన్‌కు వెళ్లి చేయించుకోవాలి. ఈ మూడోది మరిచిపోయి పూర్తి ఛార్జీ కడుతూనే "జత చేశాం కదా" అనుకునేవారు చాలామంది.

స్కాట్లాండ్ వెళ్లేవారిలో 22 ఏళ్లు నిండనివారు అదృష్టవంతులు. 2022 జనవరి నుంచి అక్కడ నివసించే 22 లోపువారికి బస్సు ప్రయాణం ఉచితం, విదేశీ విద్యార్థులకు కూడా. యంగ్ స్కాట్ పేరుతో ఉన్న నేషనల్ ఎంటైటిల్‌మెంట్ కార్డుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. బీటెక్ అవగానే గ్లాస్గో, డండీ వెళ్లిన 21 ఏళ్లవారికి కొన్ని నెలలైనా కలిసొస్తుంది. వెళ్లిన వారంలోనే చేసుకోవాలి, పుట్టినరోజు ఎవరి కోసమూ ఆగదు. ఇంగ్లండ్‌లో ఇలాంటిది లేదు. అక్కడ 2025 జనవరి నుంచి పథకంలో ఉన్న బస్సుల్లో ఒక్క ప్రయాణానికి 3 పౌండ్ల గరిష్ఠ ఛార్జీ పెట్టారు. ఊళ్ల మధ్య దూరపు బస్సులకు అది బాగా గిట్టుబాటు.

ఇక అందరూ మాట్లాడుకునే యాప్‌లు. యూనిడేస్, స్టూడెంట్ బీన్స్ రెండూ ఉచితం. రెండూ పెట్టుకోండి, ఒకదానిలో లేనిది ఇంకోదానిలో దొరుకుతుంది. ఇవి యూనివర్సిటీ లాగిన్‌తో విద్యార్థి అని సరిచూస్తాయి. అందుకే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఎన్‌రోల్‌మెంట్‌కు ముందు ప్రయత్నిస్తే తిరస్కరిస్తాయి. యూనివర్సిటీ ఖాతా తెరుచుకున్నాక చేస్తే అయిదు నిమిషాల పని. ఏడాదికోసారి మళ్లీ సరిచూసుకోవాలి. బ్రిటన్‌లో యాపిల్ వారి విద్యార్థి ధర యూనిడేస్ ద్వారానే వస్తుంది. ల్యాప్‌టాప్ కొనేవారికి ఈ యాప్‌తో వచ్చే అసలు లాభం అదే. బట్టలు, బూట్లు, పిజ్జాల మీద తగ్గింపులు మాత్రం కొనిపించడానికి వేసే ఎర. 40 పౌండ్ల చొక్కాకు 8 తగ్గితే 32 పోయినట్టే కదా. చాలా కూపన్లు ఇప్పటికే తగ్గించిన సరుకు మీద పనిచేయవు. ముందు సేల్ ధర చూసి, తర్వాత కూపన్ ధర చూసి, రెంటిలో తక్కువది తీసుకోవాలి. ఆన్‌లైన్ దుకాణాల విద్యార్థి సభ్యత్వాలు నెలల తరబడి ఉచితంగా మొదలై ఆనక చెప్పాపెట్టకుండా డబ్బు కోస్తాయి. చేరిన రోజే ఫోన్ క్యాలెండర్‌లో గడువుకు రెండు రోజుల ముందు గుర్తు పెట్టుకోవాలి.

ఏటా రుసుము కట్టి కొనే రాయితీ కార్డులూ ఉన్నాయి. విద్యార్థి జాతీయ సంఘం వారి ఎన్‌యూఎస్ ఎక్స్‌ట్రా కార్డే తర్వాత టోటమ్‌గా పేరు మార్చుకుంది. కొనేముందు ఒక పని చేయండి: అందులోని ఆఫర్లలో మీరు గత నెలలో నిజంగా డబ్బు పెట్టినవి ఎన్ని ఉన్నాయో చూడండి. రెండుకు మించకపోతే వదిలేయండి. మన దగ్గర ట్రావెల్ ఏజెంట్లు, కన్సల్టెన్సీలు అంటగట్టే అంతర్జాతీయ విద్యార్థి గుర్తింపు కార్డు, అంటే ఐసిక్, నకిలీదేమీ కాదు. యూరప్ దేశాలు తిరిగేవారికి మ్యూజియంల దగ్గర పనికొస్తుంది. కానీ బ్రిటన్‌లో సినిమా హాలు, జిమ్ము, మంగలి దుకాణం దాకా యూనివర్సిటీ ఐడీ కార్డే చాలు. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, సైన్స్ మ్యూజియం లాంటి పెద్ద మ్యూజియంలకు ఎలాగూ ఎవరికైనా ప్రవేశం ఉచితం.

విద్యార్థి డబ్బు ఎక్కువగా పోయేది అద్దె తర్వాత తిండికి. అక్కడ ఏ డిస్కౌంట్ యాప్ పెద్దగా అక్కరకు రాదు. చవక సూపర్‌మార్కెట్లకు విద్యార్థి కార్డులతో పనే లేదు, అవి మామూలుగానే చవక. పదికిలోల సోనామసూరి బస్తా, కందిపప్పు, కారం ఆసియా దుకాణాల్లో నలుగురు కలిసి కొనుక్కోవడం, సాయంత్రం మూసే ముందు సూపర్‌మార్కెట్‌లో ధర తగ్గించి పసుపు స్టిక్కర్ వేసిన కూరగాయలు, పాలు, బ్రెడ్డు తెచ్చుకోవడం, ఈ రెండూ ఏ కూపన్‌కన్నా ఎక్కువ మిగులుస్తాయి. యూనివర్సిటీ ఈమెయిల్‌తో చాలాచోట్ల మైక్రోసాఫ్ట్ 365 ఉచితంగా వస్తుంది. కంప్యూటర్ సైన్స్ వారికి గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్, జెట్‌బ్రెయిన్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం. సాఫ్ట్‌వేర్ దేనికైనా డబ్బు కట్టేముందు లైబ్రరీవారిని ఒక్క మాట అడగండి.

ఆరోగ్యం ఖర్చు దగ్గర ఇంకో పత్రం ఉంది, దాని పేరు హెచ్‌సీ2. ఇది రాయితీ కార్డని కూడా చాలామంది అనుకోరు. విద్యార్థులు వీసాతోనే ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య సర్‌ఛార్జీ కట్టి వెళ్తారు. దాంతో డాక్టరును చూడటం ఉచితం, ఆస్పత్రి ఉచితం. ఇంగ్లండ్‌లో మందులు మాత్రం ఉచితం కాదు. చీటీలో ఒక్కో మందుకు 9.90 పౌండ్లు. స్కాట్లాండ్, వేల్స్‌లో ఆ ఛార్జీ లేదు. "776 కట్టాం కదా" అనుకుని చీటీ వెనక "ఉచితం" అన్న గడిలో టిక్కు పెట్టేవారికి తర్వాత ఇంటికి పెనాల్టీ నోటీసు వస్తుంది. మందు డబ్బుకు తోడు 100 పౌండ్ల దాకా వేస్తారు. సరైన దారి ఆదాయం తక్కువ ఉన్నవారికి ఎన్‌హెచ్ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) పెట్టిన పథకంలో హెచ్‌సీ1 దరఖాస్తు చేయడం. పొదుపు 16,000 పౌండ్లు దాటకూడదు. ఆదాయం, అద్దె, ఇంటినుంచి వచ్చే డబ్బు అన్నీ రాయాలి. అర్హులైతే హెచ్‌సీ2 పత్రం వస్తుంది. దాంతో మందులు, ఎన్‌హెచ్ఎస్ పంటి వైద్యం, కంటి పరీక్ష ఉచితం, కళ్లద్దాలకు కొంత సొమ్ము వోచరు. ఆదాయం కొంచెం పైబడితే హెచ్‌సీ3, అందులో మందులకు కాకుండా మిగతావాటికి కొంత భాగం సాయం. ఇది వీసా షరతుల్లో నిషేధించిన "ప్రభుత్వ నిధుల" కిందికి రాదు, భయం అక్కర్లేదు. పత్రం రావడానికి వారాలు పడుతుంది కాబట్టి జబ్బు చేశాక కాకుండా వెళ్లిన కొత్తలోనే పెట్టుకోవాలి. ఈలోగా మందు కొనాల్సి వస్తే డబ్బు కట్టేటప్పుడే ఫార్మసీలో ఎఫ్‌పీ57 రసీదు అడిగి తీసుకోవాలి, తర్వాత అడిగితే ఇవ్వరు. ఆ రసీదు ఉంటే డబ్బు వెనక్కి వస్తుంది. ఎన్‌హెచ్ఎస్ కింద కొత్తవారిని చేర్చుకునే పంటి డాక్టరు దొరకడం కష్టమే. పిప్పిపన్ను ఉన్నవాళ్లు ఇక్కడే పూడిపించుకుని విమానం ఎక్కితే మంచిది.

బ్యాంకు ఖాతాతో ఉచిత రైల్‌కార్డు ఇస్తామనే ప్రకటనలు కనిపిస్తాయి. అలాంటి విద్యార్థి ఖాతాలకు సాధారణంగా కొన్నేళ్లుగా బ్రిటన్‌లో ఉంటూ ఉండాలనే షరతు ఉంటుంది, కొత్తగా వెళ్లినవారికి అందదు. దాని కోసం రెండు మూడు బ్యాంకులకు దరఖాస్తు చేసి తిరస్కారాలు తెచ్చుకోవద్దు. మామూలు ఖాతా చాలు.

చివరగా, అన్నిటికన్నా ఖరీదైన "డిస్కౌంట్". తెలుగులోనే మెసేజ్ వస్తుంది: "మీ ట్యూషన్ ఫీజు మేం కడతాం, 10 శాతం తక్కువ ఇవ్వండి చాలు, స్కీము ఉంది." యూనివర్సిటీ ఖాతాలో నిజంగానే డబ్బు పడుతుంది. పోర్టల్‌లో బకాయి సున్నా అని కనబడుతుంది. నమ్మకం కుదిరి విద్యార్థి ఆ తొంభై శాతం వాళ్లకు పంపిస్తాడు. కొన్ని వారాలకు, దొంగిలించిన కార్డుతో కట్టిన ఆ సొమ్మును బ్యాంకు వెనక్కి లాగేసుకుంటుంది. బకాయి మళ్లీ మొత్తంగా నిలబడుతుంది. పంపిన డబ్బు ఎటూ లేదు. అప్పు తెచ్చిన ఇల్లు, పొలం ఇక్కడ తాకట్టులో ఉంటాయి. ఫీజు కట్టాల్సింది యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో చెప్పిన దారిలోనే. ముందుగా కడితే తగ్గింపు లాంటిది ఏదైనా ఉంటే అది యూనివర్సిటీ ఆఫర్ లెటర్‌లోనే రాసి ఉంటుంది. విమాన టికెట్లు, ఇళ్ల డిపాజిట్లు సగం ధరకు ఇప్పిస్తామనేవారి సంగతీ ఇంతే. ఇలాంటిదాంట్లో ఇప్పటికే డబ్బు పంపినవారు సిగ్గుపడి దాచకుండా అదే రోజు తమ బ్యాంకుకూ యూనివర్సిటీ ఫైనాన్స్ ఆఫీసుకూ చెప్పాలి. గంటల తేడాతో కొన్నిసార్లు డబ్బు ఆపగలుగుతారు.

మన కన్సల్టెన్సీలు వీసా వచ్చాక ఒక పూట "ప్రీ డిపార్చర్" సమావేశం పెడుతున్నాయి. అందులో సిమ్ కార్డుల గురించీ చలికోట్ల గురించీ గంట మాట్లాడుతున్నారు. కౌన్సిల్ ట్యాక్స్ ధ్రువపత్రం, హెచ్‌సీ1 ఫారం, ఓయిస్టర్‌కు రైల్‌కార్డు జత చేసే పద్ధతి, ఈ మూడూ ఒక్క పేజీలో అచ్చు వేసి పిల్లల చేతికిస్తే పది నిమిషాల పని. ఆ పేజీ అడిగి తీసుకోవాల్సిందిగా తల్లిదండ్రులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

– బ్రిటన్‌లో విద్యార్థి సలహా పనిలో ఉన్న తెలుగు పాఠకులు, బర్మింగ్‌హామ్